నింబూ సాబ్ అసలు పేరు

కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28 రాత్రి ద్రాస్ కొండల మీద ప్రాణం విడిచిన ఒక నాగా యువకుడిని గుర్తు చేసుకోవడానికి ఈ వ్యాసం. ఆయన పేరు నెయ్‌కెఝాకువో కెంగురూసే. లెఫ్టినెంట్ హోదా. వయసు 24. మరో పదిహేడు రోజులు గడిస్తే 25 నిండేవి. సైన్యంలో అధికారిగా చేరి అప్పటికి ఆరున్నర నెలలే అయింది. అంతకుముందు 1994 నుంచి 1997 దాకా కోహిమాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పాడు.

ఆయన గురించి విన్నవాళ్లకు సాధారణంగా ఒక్క సంగతే తెలుసు. గడ్డకట్టే చలిలో బూట్లు విప్పేసి, వట్టికాళ్లతో నిలువు బండ ఎక్కి, శత్రువు మెషిన్ గన్‌ను నోరు మూయించాడు. అది నిజం. సైన్యం ఇచ్చిన మహావీర చక్ర ప్రశంసా పత్రంలోనే ఆ మాట ఉంది. కానీ ఆ ఒక్క సంగతి దగ్గరే ఆగిపోతే మనకు మిగిలేది రెండు కాళ్లు మాత్రమే. ఆ కాళ్ల మీద నిలబడిన మనిషి జారిపోతాడు. ఆదివాసీ వీరుల విషయంలో ఇది తరచుగా జరిగే పని. అందుకే ఆయన ఊరు, చదువు, చేసిన పని, వచ్చిన సమాజం, వీటన్నిటినీ కలిపి మన పిల్లలకు చెప్పాలి.

ఊరు, పేరు

కెంగురూసే 1974 జూలై 15న నాగాలాండ్‌లో కోహిమా జిల్లా నెర్హేమా గ్రామంలో పుట్టాడు. అది అంగామి నాగాల ఊరు. వాళ్లు మాట్లాడే భాష తెన్యిదియె. కొండ వాలును మెట్లు మెట్లుగా చెక్కి, పై మడి నీళ్లు కింది మడికి పారేలా చేసి వరి పండించడంలో అంగామిలు పేరున్నవాళ్లు. మన సవరలు కొండవాగు నీటిని ఆపి మెట్ల మడులు కట్టుకున్న తీరు చూసినవాళ్లకు ఆ సేద్యం వేరే చెప్పనక్కర్లేదు.

ఆ నేల చరిత్ర కూడా మన మన్యం చరిత్రకు దూరపు చుట్టం. 1879లో బ్రిటిష్ అధికారి డామంట్ సాయుధ దళంతో అంగామిల ఖోనోమా గ్రామం మీదికి వెళ్తే ఊరివాళ్లు ఎదిరించారు. డామంట్ ఆ పోరులో చనిపోయాడు. తర్వాత ఖోనోమాను లొంగదీయడానికి బ్రిటిష్ వాళ్లకు 1880 దాకా పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు రెండు వేల మంది నాగాలను కూలి దళంగా ఫ్రాన్స్‌కు తీసుకెళ్లారు. తిరిగొచ్చినవాళ్ల చొరవతో 1918లో నాగా క్లబ్ ఏర్పడింది. 1944లో జపాన్ సేనలు కోహిమా దాకా వచ్చినప్పుడు ఆ ఊరి చుట్టూ ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఘోర యుద్ధం జరిగింది. మందుగుండు మోసింది, గాయపడినవాళ్లను కొండ దించింది చాలా వరకు నాగా పల్లెల జనమే. అలాంటి నేలలో పెరిగిన పిల్లవాడికి యుద్ధం అంటే పుస్తకంలో చదువుకునే విషయం కాదు, తాతలు చెప్పే ఇంటి కథ. ఆయన పూర్వీకుల్లోనూ ఊరంతా గౌరవించిన యోధుడు ఉన్నాడని చెబుతారు.

ఇక పేరు. ఇంట్లో, స్నేహితుల దగ్గర ఆయన నెయ్‌బు. సైన్యంలో ఆయన పనిచేసింది రెండో రాజపుతానా రైఫిల్స్ పటాలంలో. అందులో ఎక్కువమంది రాజస్థాన్, హర్యానా వైపు జాట్, రాజపుత్ సైనికులు. నెయ్‌కెఝాకువో అన్న పేరు వాళ్ల నోటికి తిరగలేదు. నెయ్‌బు కాస్తా నింబూ అయింది. అధికారి కాబట్టి నింబూ సాబ్. హిందీలో నింబూ అంటే నిమ్మకాయ. సైనికులు ఆ పేరును ప్రేమగానే పిలిచారు. ప్రేమ లేని అధికారి వెనక అలాంటి బండ ఎవరూ ఎక్కరు.

అయినా పేరు మారిపోవడం ఎలా ఉంటుందో మన పిల్లలకు బాగా తెలుసు. ఇంట్లో పెట్టిన పేరు ఒకటి, బడి రిజిస్టర్లో పడ్డ పేరు ఒకటి, ఆధార్ కార్డులో అచ్చయిన పేరు ఇంకొకటి. ఇంటిపేరు ఉన్నా రాసేవాడికి వినపడలేదని ఊరి పేరే ఇంటిపేరుగా మారిన కుటుంబాలు ఉన్నాయి. అందుకే ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ పాఠం చెప్పేటప్పుడు నింబూ సాబ్ అని ముద్దుగా చెప్పండి, దాని వెనకే ఆయన అసలు పేరును పిల్లలందరి చేతా ఒకసారి పలికించండి. నెయ్‌కెఝాకువో కెంగురూసే. కష్టంగా ఉంటే రెండోసారి పలికించండి.

పంతులు సైన్యంలోకి

ఆయన జాలుకీలోని సెయింట్ జేవియర్ పాఠశాలలో చదువుకుని, కోహిమా సైన్స్ కాలేజీలో పట్టా పొందాడు. చదువు కాగానే పంతులు ఉద్యోగం. మూడేళ్లు ఆ పనిలో ఉన్నాడు. తర్వాత సైనిక శిక్షణకు వెళ్లి 1998 డిసెంబర్ 12న అధికారిగా నియమితుడయ్యాడు.

ఆయనకు దక్కింది ఆర్మీ సర్వీస్ కోర్. ముందు వరసలో తుపాకీ పట్టే పటాలాలకు బియ్యం, గోధుమపిండి, కిరోసిన్, పెట్రోలు అందించే విభాగం అది. లారీలు నడిపేది వాళ్లు, దారిలేని కొండల మీదికి కంచరగాడిదల మీద సరుకు ఎక్కించేది వాళ్లు. యుద్ధ కథల్లో ఈ విభాగం కనిపించదు. కానీ ఆ సరుకు ఒక్క వారం ఆగితే ఎంత పేరున్న పటాలమైనా కొండ దిగి రావాల్సిందే. ఈ విభాగంలో కొత్తగా చేరిన అధికారులను మొదట కొంతకాలం పదాతి పటాలానికి పంపుతారు. కాల్బలం బతుకు ఎలా ఉంటుందో తెలియకపోతే వాళ్లకు ఏం కావాలో తెలియదు కదా. కెంగురూసే రెండో రాజపుతానా రైఫిల్స్‌లోకి వచ్చింది అలాగే.

అక్కడ ఆయనకు ఘాతక్ ప్లటూన్ నాయకత్వం అప్పగించారు. ప్రతి పదాతి పటాలంలోనూ ఇలాంటి చిన్న దళం ఒకటి ఉంటుంది. శరీర దారుఢ్యం, తెగువ, కష్టమైన చోట దారి కనిపెట్టే నేర్పు ఉన్నవాళ్లను ఏరి ఇందులో వేస్తారు. మిగతా పటాలం కదలలేని చోట ముందు వెళ్లి అడ్డు తొలగించడం వాళ్ల పని. సరుకుల విభాగం నుంచి వచ్చి కొన్ని నెలలే అయిన కుర్ర అధికారికి ఆ దళాన్ని అప్పజెప్పారంటే పటాలం ఆయనలో ఏదో చూసింది.

సులువు కాని నిర్ణయం

ఇక్కడ ఒక చేదు చరిత్రను దాటవేయకూడదు. నాగా పల్లెల్లో సైన్యం అన్న మాట వినగానే అందరికీ ఒకే భావం కలగదు. 1950ల నుంచి నాగా కొండల్లో సాయుధ పోరాటం, దాన్ని అణచే సైనిక చర్య నడిచాయి. పల్లెలు కాలాయి, జనాన్ని ఊళ్లు ఖాళీ చేయించి ఒకచోటికి చేర్చారు. 1958లో వచ్చిన సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం మొదట తెచ్చింది ఆ కొండల కోసమే. 1963 డిసెంబర్ 1న నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడ్డాక కూడా ఆ చట్టం పోలేదు. 1997 ఆగస్టులో కాల్పుల విరమణ అమల్లోకి వచ్చేదాకా సోదాలు, కాల్పులు అక్కడి బతుకులో భాగం.

అదే సమయంలో నాగా యువకులు అదే సైన్యంలో చేరుతూ వచ్చారు. 1970 నవంబర్ 1న నాగా రెజిమెంట్ ఏర్పడింది. దాని రెండు పటాలాలూ కార్గిల్‌లో పోరాడాయి. ఒకే ఊరిలో సైన్యం చేతిలో నష్టపోయిన ఇల్లు, సైన్యంలో కొడుకు ఉన్న ఇల్లు పక్కపక్కనే ఉండవచ్చు. కొన్నిసార్లు రెండూ ఒకే ఇల్లు కావచ్చు.

మన్యంలో పెరిగిన యువతకు ఈ మెలిక అర్థమవుతుంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిన గాం గంటం దొర, మల్లు దొరలను మనం గౌరవిస్తాం. అదే మన్యంలో పోలీసు ఉద్యోగం, సైనిక ఉద్యోగం వచ్చిన అన్నను చూసి ఊరంతా మురిసిపోతుంది. ఈ రెండూ మన చరిత్రే. ఒకటి చెప్పడం కోసం ఇంకొకటి దాచాల్సిన పని లేదు. కెంగురూసేను గుర్తు చేసుకోవడం అంటే నాగా ప్రజల గాయాలను మరిచిపోవడం కాదు. ఆ గాయాలు తెలిసిన నేల నుంచే ఆయన వచ్చాడని గుర్తుంచుకుంటే, ఆయన ఇచ్చినదాని బరువు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

కొండల మీద పరాయి అడుగులు

కార్గిల్ యుద్ధం ఎందుకు వచ్చిందో క్లుప్తంగా చూద్దాం. శ్రీనగర్ నుంచి లేహ్‌కు వెళ్లే రహదారి ద్రాస్, కార్గిల్ ఊళ్ల మీదుగా సాగుతుంది. లదాఖ్‌లో ఉన్న సైన్యానికి, జనానికి అది ప్రాణనాడి. దానికి ఉత్తరాన ఎత్తైన శిఖరాలు ఉన్నాయి. అక్కడ కూర్చున్నవాడికి కింద వెళ్లే ప్రతి లారీ కనిపిస్తుంది. చలికాలంలో మంచు విపరీతంగా కురుస్తుంది కాబట్టి రెండు దేశాల సైన్యాలూ చాలా శిబిరాలను ఖాళీ చేసి, వేసవిలో మళ్లీ ఎక్కడం అలవాటు. 1999లో ఆ ఖాళీ సమయంలోనే పాకిస్తాన్ సైనికులు నియంత్రణ రేఖ దాటి వచ్చి శిఖరాలను పట్టుకున్నారు.

ఆ సంగతి మొదట కనిపెట్టినవాళ్లలో ఒక పశువుల కాపరి ఉన్నాడు. పేరు తాషి నామ్‌గ్యాల్, బటాలిక్ దగ్గర గార్కోన్ గ్రామం. మే మొదటి వారంలో తప్పిపోయిన తన యాక్‌ను వెతుకుతూ వెళ్లి, దూరంగా కొండ మీద మనుషులు రాళ్లు పేర్చడం చూశాడు. వెంటనే సైనికులకు చెప్పాడు. గార్కోన్ బ్రోక్పాల ఊరు. బ్రోక్పాలు లదాఖ్‌లో షెడ్యూల్డ్ తెగ. ఉపగ్రహాలు, విమానాలు ఉన్న కాలంలో కూడా హెచ్చరిక ఒక ఆదివాసీ కాపరి కళ్ల నుంచి వచ్చింది.

జూన్ 13న రెండో రాజపుతానా రైఫిల్స్ తోలోలింగ్ శిఖరాన్ని గెలుచుకుంది. ఆ పోరులో మేజర్ వివేక్ గుప్తా సహా పలువురు చనిపోయారు. కానీ పక్క శిఖరాలు ఇంకా శత్రువు చేతిలోనే ఉన్నాయి. నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అని సైన్యం పేర్లు పెట్టుకున్న కొండ మెట్టలు అవి. రెండు వారాలకే వాటి మీద దాడి బాధ్యత మళ్లీ అదే పటాలం మీద పడింది.

ఆ రాత్రి

జూన్ 28. పున్నమి రాత్రి. మన దగ్గర రైతులు ఎద్దులకు కొమ్ములు కడిగి రంగులు పూసే ఏరువాక పున్నమి. ద్రాస్‌లో మాత్రం ఆ వెన్నెల శత్రువుకు చుట్టమైంది. పైనున్నవాళ్లకు కింద కదిలే ప్రతి నీడా కనిపిస్తోంది. బ్లాక్ రాక్ అనే చోట, నిటారు కొండ అంచున శత్రువు ఒక మెషిన్ గన్ పెట్టాడు. పటాలం ముందుకు వెళ్లాల్సిన దారులన్నీ దాని గురిలో ఉన్నాయి. దాన్ని తీసేయకపోతే అడుగు ముందుకు పడదు. ఆ పని కెంగురూసే దళానికి వచ్చింది.

సుమారు 16,000 అడుగుల ఎత్తు. చలి సున్నాకు దిగువన పది డిగ్రీల దాకా. దళం కొండ ఎక్కుతుండగానే మోర్టారు గుండ్లు, తుపాకి కాల్పులు మొదలయ్యాయి. చాలామంది పడిపోయారు. ఒక గుండు ముక్క కెంగురూసే పొట్టలో దిగింది. రక్తం కారుతూనే ఉంది. ఆయన వెనక్కి తగ్గలేదు. మిగిలినవాళ్లను ముందుకు సాగమని చెప్పి తానూ సాగాడు.

చివరికి నిలువు గోడలాంటి బండ ఎదురైంది. దాని పైనే మెషిన్ గన్. బూట్లకు బండ పట్టు ఇవ్వడం లేదు. కెంగురూసే బూట్లు విప్పేశాడు. రాకెట్ లాంచర్‌ను వెంట మోసుకుంటూ వట్టికాళ్లతో ఆ బండ ఎక్కాడు. పైకి చేరి శత్రువు స్థావరం మీద రాకెట్ పేల్చాడు. తర్వాత మీదికి దూకి ఇద్దరిని తుపాకితో, ఇద్దరిని కత్తితో కలబడి చంపాడు. మెషిన్ గన్ ఆగిపోయింది. ఆయన గాయాలతో అక్కడే ప్రాణం విడిచాడు. పటాలానికి దారి తెరుచుకుంది.

యుద్ధానికి వెళ్తూ తండ్రికి రాసిన ఉత్తరంలో తాను ఇంటికి తిరిగి రాకపోవచ్చని, అయినా దుఃఖపడవద్దని ఆయన రాశాడు. ఆ ఆగస్టులోనే ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. యుద్ధకాలపు పతకాల్లో పరమవీర చక్ర తర్వాత అంత పెద్దది అదే. ఆర్మీ సర్వీస్ కోర్ తన బిడ్డగా ఆయన్ని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

రక్తంలో ఉందా, బుర్రలో ఉందా?

ఈ కథ చెప్పేటప్పుడు కొందరు ఒక మాట కలుపుతారు. కొండజాతి కుర్రాడు కదా, కొండ ఎక్కడం వాళ్ల రక్తంలోనే ఉంటుంది అని. పొగడ్తలా వినిపిస్తుంది. మనవాళ్లు కూడా సంతోషంగా తల ఊపుతారు. కానీ ఈ మాటను కాస్త ఆపి అడగాలి.

నాగాలాండ్‌లో అన్నిటికన్నా ఎత్తైన పర్వతం సారామతి. దాని ఎత్తు సుమారు 12,500 అడుగులు. కోహిమా పట్టణం 5,000 అడుగుల లోపే. బ్లాక్ రాక్ ఎత్తు సుమారు 16,000 అడుగులు. అంటే ఆయన పుట్టిన రాష్ట్రంలో ఏ శిఖరమూ అంత ఎత్తు లేదు. అక్కడి పలుచటి గాలిలో నాగా ఊపిరితిత్తులైనా, రాజస్థాన్ ఊపిరితిత్తులైనా ఒకేలా రొప్పుతాయి. పైగా అదే కొండ ఆయనతో పాటు ఎక్కినవాళ్లలో ఎక్కువమంది ఇసుక నేలల్లో, గోధుమ పొలాల్లో పెరిగినవాళ్లు. వాళ్ల రక్తంలో ఏ కొండ ఉంది?

బూట్లు విప్పడం ఒక నిర్ణయం. గట్టి అట్ట ఉన్న బూటు బండ మీద జారుతుంది. కాలి వేళ్లకైతే చిన్న పగులు కూడా తెలుస్తుంది. చలికి వేళ్లు మొద్దుబారే లోపు ఎంత దూరం ఎక్కవచ్చు, లాంచర్ బరువుతో ఎక్కవచ్చా, తాను ఆగితే కింద ఉన్నవాళ్ల గతి ఏమిటి, ఇవన్నీ కొన్ని క్షణాల్లో లెక్క వేయాలి. పొట్టలో గాయంతో, కాల్పుల మధ్య ఆ లెక్క వేసినవాడు సైన్స్ చదివిన పట్టభద్రుడు, మూడేళ్లు పంతులుగా పనిచేసిన మనిషి. చిన్నప్పుడు వాలు నేల మీద నడిచిన అలవాటు సాయపడి ఉండవచ్చు. అలవాటు నేర్చుకున్నది, పుట్టుకతో వచ్చింది కాదు. రక్తంలో ఉంది అనగానే ఆయన చదువు, శిక్షణ, ఆలోచన, త్యాగం అన్నీ ఆయన ఖాతాలోంచి తీసేసినట్టే. పుట్టుకతోనే వచ్చేదైతే అందులో ఆయన గొప్ప ఏముంది?

ఈ మాట పుట్టుక కూడా తెలుసుకోవాలి. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లు ఈ దేశ జనాన్ని యుద్ధ జాతులు, యుద్ధానికి పనికిరాని జాతులు అని విడదీసి సైన్యంలోకి తీసుకున్నారు. దాదాపు అదే కాలంలో, 1871లో, నేరస్థ తెగల చట్టం తెచ్చి కొన్ని సమాజాలను పుట్టు దొంగలన్నారు. మన ఎరుకల కుటుంబాలను ఆ చట్టం కింద స్టువర్టుపురంలాంటి సెటిల్మెంట్లలో పెట్టి, రోజూ హాజరు వేయించుకున్నారు. ఆ చట్టం రద్దయింది 1952లో. ఫలానావాడు పుట్టుకతోనే వీరుడు అన్న చేయి, ఫలానావాడు పుట్టుకతోనే దొంగ అన్న చేయి, రెండూ ఒకటే. మొదటి మాటకు మురిసిపోతే రెండో మాటను ఎదిరించే బలం మనకు పోతుంది.

అదే రాత్రి, అదే పటాలం

కెంగురూసే చనిపోయిన దాడిలోనే, అదే పటాలంలో ఇంకో అధికారి నేలకొరిగాడు. ఆయన మేజర్ పద్మపాణి ఆచార్య. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పొందినవాడు. కుటుంబ మూలాలు ఒడిశాలో. ఆయన కంపెనీ నోల్ మీద దాడి చేసింది. కాల్పుల మధ్య పాకుతూ వెళ్లి బంకర్‌లోకి గ్రెనేడ్లు విసిరాడు. తీవ్రంగా గాయపడి కదలలేని స్థితిలో, నన్ను వదిలి ముందుకు పొండని తన మనుషులకు ఆజ్ఞ ఇచ్చాడు. వారం కిందటే 31 నిండాయి. ఆయనకూ మహావీర చక్ర వచ్చింది. 22 ఏళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా ఆ దాడిలోనే చనిపోయాడు. ఆయనకు వీరచక్ర.

మన తెలుగు బడుల్లో పద్మపాణి ఆచార్య పేరు విన్నవాళ్లు ఉంటారు. అది న్యాయమే, ఆయన మన ఊరివాడు. ఆయన పేరు చెప్పిన ప్రతిసారీ, అదే వెన్నెల్లో పక్క కొండ మీద ఉన్న నాగా పంతులి పేరు కూడా చెబితే ఆ పాఠం నిండుగా ఉంటుంది. ఒకరు నగరం నుంచి, ఒకరు కొండ పల్లె నుంచి. ఇద్దరి పేర్లూ ద్రాస్ యుద్ధ స్మారకం మీద ఉన్నాయి.

ఇంకొన్ని పేర్లు

అధికారిక లెక్కల ప్రకారం కార్గిల్‌లో 527 మంది భారత సైనికులు చనిపోయారు. ఆ యుద్ధంలో మహావీర చక్ర పొందినవాళ్ల జాబితా చదివితే ఆదివాసీ యువతకు తెలియాల్సిన పేర్లు మరికొన్ని కనిపిస్తాయి. షిల్లాంగ్ యువకుడు కెప్టెన్ కీషింగ్ క్లిఫర్డ్ నోంగ్రుమ్, జమ్ము కశ్మీర్ లైట్ ఇన్‌ఫంట్రీ అధికారి. బటాలిక్ ప్రాంతంలో 1999 జూలై 1న, 24 ఏళ్ల వయసులో చనిపోయాడు. నాగా రెజిమెంట్ సిపాయి ఇమ్లియాకుమ్ ఆవో, ఆవో నాగా. లదాఖ్ స్కౌట్స్ మేజర్ సోనమ్ వాంగ్‌చుక్, లదాఖీ. ఈ ఇద్దరూ ప్రాణాలతో తిరిగొచ్చారు. అంతకుముందు 1971లో, డిసెంబర్ మొదటి వారంలో, గంగాసాగర్ పోరులో ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ఝార్ఖండ్ గుమ్లా ప్రాంతపు ఒరాఁవ్ బిడ్డ.

పతకాలు లేని పేర్లూ ఉన్నాయి. లదాఖ్ రహదారుల మీద రాయి కొట్టి, మంచు తవ్వే సరిహద్దు రోడ్ల కూలీల్లో దుమ్కా వైపు నుంచి ఏటా వెళ్లే సంతాల్ మనుషులు ఎందరో. సైన్యం లారీలు నడిచేది వాళ్లు వేసిన దారి మీదే. వాళ్ల పేర్లు ఏ రాతి పలకల మీద వెతకాలి?

మనం చేయాల్సిన పని

ఏటా జూలై 26న బడుల్లో కార్గిల్ విజయ దినం జరుపుతాం. జెండా ఎగరేసి, నాలుగు నినాదాలు ఇచ్చి, మిఠాయి పంచితే అయిపోతుంది. దానికి బదులు ఆ రోజు ఒక మనిషి బతుకును మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. పటం పెట్టి నెర్హేమా ఎక్కడో, ద్రాస్ ఎక్కడో చూపించండి. పదహారు వేల అడుగులు అంటే ఎంతో పిల్లలకు లెక్క కట్టి చెప్పండి. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన కొండ కూడా దానికి మూడో వంతే.

రెండో పని ఇంకా ముఖ్యమైనది. మన గూడేల్లో, తండాల్లో, పెంటల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు, తిరిగి రానివాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి ఎవరో వచ్చి రాస్తారని ఎదురు చూడవద్దు. పై తరగతి పిల్లలను జట్లుగా పంపండి. ఇంట్లో పిలిచే పేరు, గోత్రం, ఇంటిపేరు పలికే తీరులోనే రాయించండి. ఏ పటాలం, ఏ ఏడు చేరారు, ఎక్కడెక్కడ పనిచేశారు, దిగివచ్చేటప్పుడు ఇచ్చిన సర్వీసు పుస్తకం ఉందా, ఉత్తరాలు, ఫోటోలు ఉన్నాయా చూడమనండి. ఆయన సైన్యానికి పోయిన ఏడు ఇంటి దగ్గర పొలం ఎవరు దున్నారో ఆ ఇంటి ఆడవాళ్లను అడగమనండి. పింఛను కోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో కూడా రాయమనండి. అది కూడా చరిత్రే. ముసలివాళ్లు కోయలో చెబితే కోయలో, గోండిలో చెబితే గోండిలో, సవరలో చెబితే సవరలో ముందు రాసుకుని, తర్వాత తెలుగు చేయండి.

అలా రాసిన నోటు పుస్తకం బడి బీరువాలో ఉంటే, ముప్పై ఏళ్ల తర్వాత ఆ పిల్లల పిల్లలు తెరిచి చదువుతారు. అందులో ప్రతి మనిషీ తన అసలు పేరుతో ఉండాలి. నిమ్మకాయ అని ప్రేమగా పిలిపించుకున్న పంతులు నెయ్‌కెఝాకువో కెంగురూసే పేరును ఆ పుస్తకం మొదటి పేజీలో రాయండి. ఆయన మూడేళ్లు మన పనే చేశాడు.